లోయలోంచి ఆరు విజిల్స్

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు. భయం కాదు, చిరాకే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, అపార్ట్‌మెంట్‌లో పెరిగాను. కరెంటు పోయినప్పుడల్లా పిల్లలందరం టెర్రస్ ఎక్కేవాళ్ళం. ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. నేను మధ్యలో లేచి, "నువ్వు చూసినవా? లేదు కదా. మరి ఊకో" అనేవాణ్ణి. అక్కడితో కథ ఆగిపోయి కొట్లాట మొదలయ్యేది.

ఇప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. అభిప్రాయం మారలేదు. ఇది రాయడానికి ఏడాదిన్నర ఆగింది కూడా అందుకే. ఇందులో దయ్యం కనిపించదు. నేను విన్నది, నా పక్కనున్నవాళ్ళు విన్నది, ఆ తర్వాత జరిగింది, అంతే. టైములన్నీ నా ఫోన్‌లో చూసినవి. ఫోన్ నా చేతిలోంచి దిగదని తెలిసినవాళ్ళకి ఆ టైముల మీద అనుమానం రాదు.

ముందు మా ఫ్లాట్ గురించి, అందులో కుక్కర్ గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

2007లో ఎడిన్‌బర్గ్‌లో ముగ్గురం ఒక ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నేను, ఓబులేసు, మూర్తన్న. ముగ్గురివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఓబులేసుది ప్రొద్దుటూరు. నా వయసువాడే. నెమ్మదస్తుడు, ఎవరికి ఏమైనా ముందు వీడికే నిద్ర పట్టదు. మూర్తన్నది కాకినాడ. నలభైకి దగ్గర పడ్డాడు, భార్యాపిల్లలు ఇంకా వీసా కోసం చూస్తున్నారు. ఎవరి వంట ఏ రోజో రాసిన రోటా ఫ్రిజ్ మీద అంటించి ఉండేది.

ఆ ఏడాది జనవరిలో నా వంట రోజున పప్పు కుక్కర్ పెట్టి ఫోన్‌లో మాట్లాడుతూ కూర్చున్నాను. మూడు విజిల్స్‌కి ఆపాల్సింది ఆరు దాకా పోయింది. పప్పు అడుగంటి, పొగ లేచి, స్మోక్ అలారం మోగింది. బిల్డింగ్‌లో వాళ్ళందరూ ఆ చలిలో కిందికి దిగి నిలబడ్డారు. ఫైర్ ఇంజన్ వచ్చింది. కింద ఫ్లాట్ ముసలావిడ డ్రెస్సింగ్ గౌన్‌లో నిలబడి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆ రోజు నుంచి మూర్తన్న ఒక రూల్ పెట్టాడు. కుక్కర్ కూస్తే ఇంట్లో ఎవరెక్కడున్నా పైకి లెక్కపెట్టాలి. బాత్‌రూమ్‌లో ఉన్నా సరే. "ఒకటి" అని ఒకడు, "రెండు" అని ఇంకొకడు. "మూడు" అనగానే వంట చేసేవాడు లేచి స్టవ్ ఆపాలి. లెక్క తప్పినవాడు ఆ రోజు గిన్నెలు కడగాలి. నెల తిరిగేసరికి ఇది అలవాటైపోయింది. విజిల్ వినపడితే చాలు, నోరు దానంతటదే లెక్కపెట్టేది. ఇక "ఆరు" అన్నది నన్ను ఏడిపించడానికి పనికొచ్చే మాట. నేను ఏ పని చెడగొట్టినా, "ఆరు కొట్టించాడు" అనేవాళ్ళు.

మే నెలలో ఒక శనివారం కొండల్లోకి జలపాతం చూడటానికి వెళ్ళాం. ఎడిన్‌బర్గ్ నుంచి కారులో రెండున్నర గంటలు. ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళు నాకు చేసిన మంచికి వాళ్ళ ఊరికి ఇలాంటి పేరు తేవడం ఇష్టం లేదు. కార్ పార్క్ నుంచి కాలిబాట మొదలవుతుంది. ఎడమ పక్క కొండ. కుడి పక్క ఇరుకు లోయ, అందులో ఏరు. గంటన్నర నడిస్తే పైన పెద్ద జలపాతం.

ఓబులేసు ముందు రోజే సేల్‌లో వీపుకి తగిలించుకునే ఎర్ర రక్‌సాక్ కొన్నాడు. టాగ్ తియ్యలేదు. ట్రిప్ అయ్యాక తిరిగి ఇచ్చేద్దామని ప్లాన్. ఇరవై ఎనిమిది రోజుల్లో వాపసు తీసుకుంటారు కదా, ఒక్క రోజు వాడితే ఏమవుతుందని. ఇది మా బ్యాచ్‌లో అందరూ చేసే పనే, నేను కోటు కూడా అలా వాడి ఇచ్చాను. టాగ్ తడవకుండా దాన్ని లోపలికి మడిచి, భుజం పట్టీ కింద దోపాడు. పులిహోర డబ్బా కూడా బ్యాగ్‌లో పెట్టనివ్వలేదు. పసుపు మరక పడితే వాపసు తీసుకోరని డబ్బా చేత్తో పట్టుకుని నడిచాడు. రెండో చేతిలో దారిలో దొరికిన కర్ర. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, ఆ తర్వాత అందరూ అడిగింది వాడి చేతుల గురించే.

నాకు ఆ రోజు మనసు సరిగా లేదు. ముందు రాత్రి ఒకమ్మాయితో ఫోన్‌లో గొడవపడ్డాను. పొద్దున సారీ అని మెసేజ్ పెట్టి జవాబు కోసం చూస్తున్నాను. కొండల్లోకి వచ్చాక సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. నడుస్తున్నంతసేపూ నా కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నాయి.

అందుకే టైము కచ్చితంగా చెప్పగలను. 11:22కి మొదటి విజిల్ వినపడింది.

కుడి పక్క నుంచి, కింద లోయలోంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చివర్లో కొంచెం చీలినట్టు. ముందు ఓబులేసు, వాడి వెనక నేను, నా వెనక మూర్తన్న. "ఒకటి" అన్నాను నేను, ఆలోచించకుండానే. ఇంకోటి వచ్చింది. "రెండు" అన్నాడు మూర్తన్న. మూడోదానికి ముగ్గురం ఒకేసారి "మూడు" అన్నాం.

"ఆపండయ్యా బాబూ, పప్పు ఉడికిపోయింది," అన్నాడు మూర్తన్న.

అది ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు. అక్కడ ఆగింది.

"సందీపా, నీ చుట్టాలెవురో ఉండారు కింద," అన్నాడు ఓబులేసు వెనక్కి తిరిగి. అప్పుడు వాడి మొహం నాకు ఎదురుగా ఉంది. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో కర్ర. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు.

నిమిషం గడిచింది. మళ్ళీ మొదలైంది. అదే గొంతు, అదే చోటు నుంచి. మళ్ళీ సరిగ్గా ఆరు. ఈసారి ఎవరం నవ్వలేదు. లోయ అంచున చెట్లు, ఫెర్న్ మొక్కలు గుబురుగా ఉన్నాయి, కిందికి చూస్తే నురగ తప్ప ఏమీ కనపడలేదు. ఏటి చప్పుడుకి మేమే ఒకరితో ఒకరం గట్టిగా మాట్లాడుకుంటున్నాం. ఆ చప్పుడులో ఒక విజిల్ అంత స్పష్టంగా ఎలా వినపడిందన్న ప్రశ్నే నాకు తట్టలేదు, చాలా రోజుల దాకా.

ఓబులేసు బాట దిగి రెండడుగులు వేశాడు. "ఎవురో పిల్చాండారురా. సూసొద్దాం."

"పిల్లలు ఆడుకుంటుంటరు. నడువ్," అన్నాను.

ఇంకో పావుగంటకి ఎదురుగా ఒకావిడ కుక్కతో దిగి వస్తూ కనపడింది. యాభై దాటి ఉంటాయి, కొండలు తిరిగే మనిషని బూట్లు చూస్తేనే తెలుస్తోంది. మూర్తన్న ఎవరు కనపడినా పలకరిస్తాడు. కింద ఎవరో వంట చేస్తున్నట్టున్నారు, ఆరు విజిల్స్ వచ్చాయి అని తమాషాగా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. ఎన్ని అని మళ్ళీ అడిగింది. ఎంత ఎడంతో, ఎక్కడ, ఎంతసేపటి కింద అని అడిగింది. నేను ఫోన్ చూసి టైము చెప్పాను. ఆవిడ కుక్కకి గొలుసు తగిలించి, కిందికి వెళ్ళి ఫోన్ చేస్తానని, మమ్మల్ని బాట మీదే ఉండమని, అంచుకి మాత్రం వెళ్ళొద్దని చెప్పి దాదాపు పరుగులాంటి నడకతో దిగిపోయింది.

"ఆంటీ మొకం సూసినావా? పాలిపోయింది," అన్నాడు ఓబులేసు.

ఆ మాట జలపాతం చేరేదాకా అంటూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. జలపాతం బాగుంది. బాగుందన్న సంగతి ఇప్పుడు ఫోటోలు చూస్తే తెలుస్తోంది. అప్పుడు మాత్రం నేను ఒక బండ మీదికెక్కి, చెయ్యి పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటున్నాను. ఓబులేసు పులిహోర సరిగా తినలేదు. కింద ఎవరికైనా దెబ్బ తగిలి పడి ఉంటే మనం ఇక్కడ కూర్చుని తింటున్నామా అన్నాడు.

"ఆవిడ చెప్తానన్నది కదా. నువ్వేమన్న పోలీసోడివా? పిక్నిక్‌కి వచ్చినవా, డ్యూటీకి వచ్చినవా?" అన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను. అవి రాయను.

మూర్తన్న ఖాళీ డబ్బా కవర్‌లో పెట్టి లేచాడు. "ఇద్దరూ నోరు మూసుకుని నడవండొరే. కిందికెళ్ళి టీ తాగుదాం," అన్నాడు.

దిగేటప్పుడు ఒంటిగంట దాటింది. విజిల్ విన్న చోటికి వచ్చేసరికి ఓబులేసు ఆగాడు. నేను ఆగలేదు.

"ఒక్క నిమిషం ఉండరా. తొంగి సూసొస్తా. సందీపా, నువ్వు నా చెయ్యి పట్టుకో."

"నువ్వే పో. నేను రాను," అన్నాను. వాడివైపు చూడను కూడా చూడలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడు ఫోన్ చేతిలో అదిరింది. ఒక గీత సిగ్నల్ వచ్చింది, మెసేజ్ వచ్చింది. "సరేలే, సాయంత్రం ఫోన్ చెయ్యి" అని ఉంది. దాని కింద 13:24. నేను ఇరవై అడుగులు ముందుకు నడిచి ఆ మెసేజ్‌ని రెండోసారి చదువుతున్నాను.

మూర్తన్న కేక వినపడింది. పేరు కాదు, మాట కాదు, ఉత్త కేక.

పరుగెత్తుకొచ్చేసరికి మూర్తన్న అంచు దగ్గర బోర్లా పడుకుని ఒక చెట్టు మొదలు పట్టుకుని ఉన్నాడు. ఓబులేసు లేడు. నేనూ పడుకుని చూశాను. ముప్పై అడుగుల కింద, నీళ్ళ పక్కన ఒక బండ. దాని మీద ఎర్ర బ్యాగ్. బ్యాగ్ కింద ఓబులేసు. నడుము నుంచి కింది భాగం నీళ్ళలో ఉంది. ఒక చెయ్యి బండని పట్టుకుని ఉంది. రెండోది ఉండాల్సిన వైపు లేదు. తల కదులుతోంది. ఎంత అరిచినా మా మాట వాడికి వినపడలేదు. ఏటి చప్పుడు అలా ఉంది.

999 చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. ఆ ఒక్క గీత కూడా పోయింది. నా జీవితంలో ఫోన్‌ని విసిరికొట్టాలనిపించింది ఆ ఒక్కసారే. మూర్తన్నని అక్కడే ఉండమని నేను కిందికి పరుగెత్తాను. కార్ పార్క్ దాకా కనీసం ముప్పావుగంట. అక్కడా సిగ్నల్ లేదని పొద్దునే చూశాను. రోడ్డు దాకా పోవాలి. మంచు కరిగి వచ్చే నీళ్ళవి, ఎంత చల్లగా ఉంటాయో పైన చెయ్యి పెట్టి చూసి ఉన్నాను. పరుగెడుతూ లెక్క వేసుకుంటూనే ఉన్నాను, లెక్క ఎటూ కుదరడం లేదు.

పది నిమిషాలు పరుగెత్తానేమో. మలుపు తిరగగానే ఎదురుగా మనుషులు. ఎనిమిది తొమ్మిది మంది, ఎర్ర జాకెట్లు, హెల్మెట్లు, భుజాల మీద తాళ్ళు. ఇద్దరి వీపుల మీద స్ట్రెచర్ రెండు ముక్కలుగా ఉంది. మౌంటెన్ రెస్క్యూ వాళ్ళు. జీతం లేకుండా చేసే స్థానికులే. వాళ్ళ లీడర్ తెల్ల గడ్డం పెద్దాయన, మామూలు రోజుల్లో పోస్ట్‌మ్యాన్ అని తర్వాత తెలిసింది.

ఆయన నన్ను ఆపి, "విజిల్ ఊదింది మీరేనా?" అని అడిగాడు.

నా ఫ్రెండ్ పడిపోయాడని చెప్పాను. ఎప్పుడు అన్నాడు. ఇప్పుడే, పావుగంట అయింది అన్నాను. ఆయన తన వాచీ చూసుకుని పక్కాయన వైపు చూశాడు. ఇంకేమీ అడగకుండా అందరూ నడక వేగం పెంచారు.

వాళ్ళకి ఫోన్ వచ్చింది పన్నెండు ఇరవై అయిదుకి. కుక్కతో దిగిన ఆవిడ చేసింది. ఆ శనివారం టీమ్ మొత్తం ట్రైనింగ్ కోసం దగ్గర్లోనే కలిసి ఉన్నారట, అందుకే అంత త్వరగా రాగలిగారు. అంటే, ఓబులేసు పడటానికి గంట ముందే వాళ్ళు వాడి కోసం బయల్దేరారు. ఇది నేను కల్పించిన వాక్యం కాదు. ఆ పెద్దాయనే సాయంత్రం టీ కప్పు పట్టుకుని, మామూలు గొంతుతో అన్న మాట.

తాళ్ళు దించి, ఇద్దరు కిందికి దిగి, వాడిని స్ట్రెచర్‌కి కట్టి పైకి లాగేసరికి రెండున్నర అయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. వణుకు కూడా ఆగిపోయింది, అది మంచిది కాదని వాళ్ళ మొహాలు చూస్తే తెలిసింది. తడి బట్టలు కోసేసి, వెండి రంగు దుప్పటి చుట్టారు. బ్యాగ్ పట్టీలు ఛాతీ మీద ఒక ప్లాస్టిక్ బకిల్‌తో బిగించి ఉన్నాయి. పెద్దాయన దాన్ని విప్పుతూ ఓబులేసు చెవి దగ్గర అడిగాడు. "బాగా ఊదావు నాయనా. మరి ఎందుకు ఆపేశావు?"

ఓబులేసు కళ్ళు తెరిచి చూశాడు. వాడికి అర్థం కాలేదు. మాకూ అర్థం కాలేదు.

ఆయన మా మొహాలు చూసి, ఆ బకిల్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకుని ఒక్కసారి ఊదాడు.

సన్నగా, పొడుగ్గా, చివర్లో కొంచెం చీలినట్టు.

నేను మూర్తన్న వైపు చూశాను. ఆయన అప్పటికే నావైపు చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. ఏమన్నాడో నాకు తెలుసు. ఒకటి.

ఆ బకిల్ విజిల్ అని మా ముగ్గురికీ తెలియదు. హైదరాబాద్‌లో బ్యాగ్‌కి విజిల్ ఉంటుందని ఎవడనుకుంటాడు. పెద్దాయన అప్పుడు చెప్పాడు. ఇక్కడి కొండల్లో సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఊదాలట.

ఆ సాయంత్రం హాస్పిటల్‌లో ఒక కానిస్టేబుల్ మా దగ్గర స్టేట్‌మెంట్ తీసుకున్నాడు. మర్యాదగానే అడిగాడు. పొద్దున మీలో ఎవరైనా సరదాకి ఊదారా? మీ ఫ్రెండ్ ఊదాడా? లేదన్నాను. రెండోసారి అడిగాడు. లేదన్నాను. మూడోసారికి నేను లేచి నిలబడి గొంతు పెంచాను. మూర్తన్న నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. వాడి రెండు చేతుల్లో ఏమున్నాయో, వాడి మొహం ఎటు తిరిగి ఉందో, శబ్దం ఎటు నుంచి వచ్చిందో విడమరిచి చెప్పింది మూర్తన్నే. కానిస్టేబుల్ అంతా రాసుకున్నాడు. పులిహోరకి స్పెల్లింగ్ కూడా అడిగాడు.

ఆ రోజు చీకటి పడేదాకా, మర్నాడు పొద్దున కూడా ఆ టీమ్ లోయంతా వెతికింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ దొరకలేదు. కార్ పార్క్‌లో మిగిలిపోయిన కారు లేదు. మనిషి కనపడటం లేదని ఎవరూ కంప్లైంట్ ఇవ్వలేదు. ఆ తర్వాత నెలల్లో కూడా. నేను రెండుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నాను.

ఓబులేసుకి తొడ ఎముక, మణికట్టు, రెండు పక్కటెముకలు విరిగాయి. ఇంకో గంట ఆ నీళ్ళలో ఉంటే ఎముకల గురించి మాట్లాడుకునే పని ఉండేది కాదని డాక్టర్ అన్నారు. మేం పరుగెత్తి, రోడ్డెక్కి, ఫోన్ చేసి, వాళ్ళు పోగై రావాలంటే నాలుగు దాటేదని పెద్దాయన అన్నాడు. ఈ రెండు మాటలూ కలిపి చూసుకోవడానికి లెక్కలు రానక్కర్లేదు.

నాలుగో రోజు వాడు సరిగా మాట్లాడగలిగాడు. మంచం పక్కన వాడి సామాన్లు ఒక ప్లాస్టిక్ కవర్‌లో ఉన్నాయి. బ్యాగ్ ఉంది. టాగ్ ఇంకా భుజం పట్టీ కిందే ఉంది, పెద్దగా తడవలేదు. తీసి చూశాను. వెనక వైపు బకిల్ బొమ్మ, పక్కన చిన్న అక్షరాల్లో విజిల్ అని, ఆరుసార్లు ఊదమని ఉంది. వాపసు ఇవ్వాలని మేం దాన్ని అంత జాగ్రత్తగా మడిచి దాచాం.

"నువ్వు ఊదినవా?" అని అడిగాను. కానిస్టేబుల్ అడిగితే కోప్పడిన ప్రశ్నే.

"యాడ ఊదేదిరా? ఒక చెయ్యి ఇరిగిపాయ. ఇంకో చెయ్యి వదిల్తే నీళ్ళలోకి పోతా. అది విజిల్ అని నాకు తెలిస్తే గదా?"

"మరి అంచుకి ఎందుకు పోయినవ్ అంత ముందుకి? ఏమన్న కనపడ్డదా?"

"కనపళ్ళేదు. మల్లా ఇనపడింది. సరిగ్గా నా కాళ్ళ కిందనే. లెక్కపెట్టుకుంటా ఒంగినా. ఐదు దాకా గుర్తుంది."

మూర్తన్న ఆ టైముకి వాడికి మూడు అడుగుల వెనక ఉన్నాడు. ఆయనకేమీ వినపడలేదు. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను, నాకూ వినపడలేదు. నేను మెసేజ్ చదువుతున్నాను కాబట్టి నా మాట లెక్కలోకి తీసుకోకపోయినా పర్లేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. కొండల్లో విజిల్‌లా కూసే పక్షులున్నాయి. వాటి కూతలు ఆఫీసులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఏదీ అది కాదు, ఏ పక్షీ ఆరు దగ్గర ఆగి, నిమిషం ఆగి, మళ్ళీ ఆరు కూయదు. పైన ఎవరో ఊదితే ప్రతిధ్వని కింది నుంచి వచ్చిందేమో అనుకున్నాను. అప్పుడు పైనున్నది కుక్కతో ఉన్న ఆవిడ ఒక్కర్తే, ఆవిడకి ఏ విజిలూ వినపడలేదు. పైగా ఆ నెలాఖరున మళ్ళీ అక్కడికి వెళ్ళాను. మూర్తన్నని అదే చోట బాట మీద నిలబెట్టి, పెద్దాయన సాయంతో నేను తాడు కట్టుకుని ఆ బండ మీదికి దిగాను. కొత్తగా కొన్న ఒక విజిల్‌ని ఓపిక ఉన్నంతసేపు ఊదాను. బాట మీద మూర్తన్నకి ఒక్కటి కూడా వినపడలేదు.

ఓబులేసు ఆ విజిల్ తనని బతికించిందంటాడు. వాళ్ళమ్మకి కూడా అలాగే చెప్పాడు, ఆవిడ ప్రొద్దుటూరులో ఎవరికో మొక్కుకుని తీర్చింది. నేను అంత తేలిగ్గా అనలేను. విజిల్ వినపడకపోతే రెస్క్యూ వాళ్ళు వచ్చేవాళ్ళు కాదు, నిజమే. కానీ విజిల్ వినపడకపోతే వాడు అంచుకి పోయేవాడే కాదు. మేం నేరుగా దిగి, టీ తాగి, ఇంటికొచ్చి, సోమవారం ఆ బ్యాగ్ వాపసు ఇచ్చేసేవాళ్ళం. కాపాడటానికే అయితే, ముందు వాడిని అక్కడికి పిలవడం ఎందుకు? పిలవడానికే అయితే, గంట ముందే మనుషుల్ని రప్పించడం ఎందుకు? నేను చెయ్యి పట్టుకుని ఉంటే ఇదంతా ఏమయ్యేదన్నది ఇంకో ప్రశ్న. దాన్ని నేనెవరితోనూ మాట్లాడను.

పోయిన నెల నాటింగ్‌హామ్ వెళ్ళాను. ఓబులేసు ఇప్పుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. కొంచెం కుంటుతాడు, చలికాలం ఎక్కువ. బ్యాగ్ వాడి గది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది, టాగ్‌తో సహా. వాడు పప్పు పెట్టాడు. మూడో విజిల్‌కి ఇద్దరం ఒకేసారి "మూడు" అన్నాం. వాడు లేవబోతే కూర్చోమని చెప్పి నేనే వెళ్ళి ఆపాను. కుక్కర్ మీదుంటే ఇప్పుడు నేను ఫోన్ పక్క గదిలో పెట్టి వంటింట్లోనే నిలబడతాను.

తిన్నాక ఆ బ్యాగ్ చూపించి, ఒక్కసారి నువ్వే ఊదు, నాకు సరిగ్గా పోల్చుకోవాలని ఉంది అన్నాను.

"వద్దురా," అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. "నేను ఇంతవరకూ దాన్ని ఊదల్యా. ఆ పొద్దు మనం ఇన్నవి దీన్ని ఎవురో ఊదినవే గదా సందీపా. ఆ ఎవురో నేనే అయితే, నేను ఊదనంత కాలం అవి ఇంకా ఊదాల్సినవిగానే మిగిలి ఉండాయి."

టెర్రస్ మీద అయితే నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రోజు గిన్నెలు తీసుకుని సింక్ దగ్గరికి వెళ్ళిపోయాను.